మీటింగు బుక్కుల నా గురించి రాసిన లైను కొట్టెయ్యాలె: మా కాలనీ పెద్దలకు బహిరంగ లేఖ

కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంట్ సార్‌కు, కమిటీ మెంబర్లకు, ఆ ఆదివారం మీటింగుల కూసున్న అన్నలకు, అక్కలకు, పెద్దమ్మలకు అందరికీ నమస్తే.

నేను వాటర్ ట్యాంకు దిక్కు పోయే గల్లీల మేడ మీద సింగిల్ రూముల కిరాయికుంటున్న. నల్లగొండల ఇది నా మూడో ఇల్లు. పేరు రాస్తలేను, మీరు కూడ బుక్కుల పేరు రాయలే, "మేడ మీద కిరాయికున్న మహిళ, రాత్రి వేళల్లో అనుమానాస్పద రాకపోకలు, ఇంటి యజమానికి తెలియజేయాలని తీర్మానం" అని రాసిన్రు. ఆ పేజీని ఎవరో ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపుల పెట్టిన్రు, ఓనర్ ఆంటీ నాకు చూపిచ్చింది. చూపిచ్చేటప్పుడు ఆంటీ చేతులు వణుకుతున్నయి, "బిడ్డా నాకు నీ మీద ఏం లేదు గని నలుగుట్ల ఉండేదాన్ని, ఈ నెలాఖరుకు వేరే ఇల్లు చూస్కో" అన్నది. నేను ఆంటీని ఏమనలే. పదకొండు నెలల సంది ఒక్క నెల కిరాయి ఆపలే, నీళ్ళ కాడ కరెంటు కాడ ఒక్క మాట పడలే, అయినా ఒక్క లైనుతోని ఇల్లు పోయేదాంక వచ్చింది. అందుకే రాస్తున్న.

మీరు మీటింగు పెట్టేముందు ఒక్కరన్న మెట్లెక్కి వచ్చి "అమ్మా నువ్వేం పని చేస్తవ్, గంత రాత్రి ఎందుకైతది" అని అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలే. ఇప్పుడు నేనే చెప్తున్న.

నేను డ్యాన్సర్ని. సంగీత్‌లు, హల్దీలు, బారాత్‌లు, పెండ్లికూతురు ఎంట్రీలు, కాలేజీ ఫెస్టులు, అప్పుడప్పుడు యూట్యూబ్ల ఫోక్ పాటలకు గ్రూప్ డ్యాన్స్. బీకాం చదివిన, మధ్యల ఒక ఆఫీసుల అకౌంట్స్ పని కూడ చేసిన, అది వదిలి ఇది చేస్తున్న, ఎందుకంటే ఇదే నాకు వచ్చిన పని, ఇష్టమైన పని. మాది దేవరకొండ దిక్కు పల్లె. అమ్మ పత్తి ఏరనీకి పోతది, నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీ చేసి నడుము పోయి ఇప్పుడు ఇంటికాడనే ఉంటున్నడు. తమ్ముని పాలిటెక్నిక్ ఫీజు నేను కడుతున్న, నాయిన మందులకు కూడ నా పైసలే పోతయి.

ఇప్పుడు మీరు చూసిన ఆ రాత్రి సంగతి. శనివారం హైదరాబాద్‌ల కొంపల్లి దిక్కు ఒక హాల్ల సంగీత్. పొద్దుగాల పదకొండింటికి ఇంట్లకెళ్లి ఎల్లిన, బస్టాండ్ల ఆధార్ చూపిచ్చి జీరో టికెట్ తీస్కున్న, ఎల్బీ నగర్ల దిగి ఆన్నుంచి ఇంకో రెండు బండ్లు మారి మూడున్నరకు హాలు కాడికి పోయిన. నాలుగింటికి స్టేజీ మీద ప్రాక్టీసు. స్టేజీ అంటే ప్లైవుడ్ పలకలు జోడించి కార్పెట్ పరుస్తరు, రెండు పలకల నడుమ సందు ఉంటే అక్కడ కాలు పడి మడమ తిరుగుతది, అందుకే పోంగనే పాటకన్న ముందు సందులు ఎక్కడున్నయో చూస్కుంటం. ఆరింటికి మేకప్. ఏడింటికి షో అన్నరు, పెండ్లోళ్ళ సుట్టాలు రాలేదని ఎనిమిదన్నరు, తర్వాత అన్నం పెట్టేసరికి తొమ్మిదయింది, మేము సంచుల్ల తెచ్చుకున్న బిస్కెట్లు తిని కాస్ట్యూమ్ ముడత పడకుండ నిలబడే ఉన్నం. పదింబావుకు మా వంతు. నాలుగు పాటలు, పద్దెనిమిది నిమిషాలు, పాటకూ పాటకూ నడుమ తెర ఎనుక రెండు నిమిషాలల్ల డ్రెస్సు మార్చాలె. అయిపోయి మేకప్ తుడుచుకొని పేమెంట్ కోసం కోఆర్డినేటర్ను పట్టుకొని బయటపడేసరికి పదకొండున్నర దాటింది. గప్పుడు బస్టాండుకు పోయి బస్సు కోసం కూసుండుడు అయ్యే పని కాదు. అందుకే ట్రావెల్స్ కారు మాట్లాడుతరు, ఐదుగురం అమ్మాయిలం ఎక్కుతం, చౌటుప్పల్ల ఒకామెను దింపుతరు, చిట్యాల్ల ఇద్దర్ని, నార్కట్‌పల్లిల ఒకామెను, ఆఖరున నల్లగొండల నన్ను. అందుకే రెండయితది. ఆ డ్రైవర్ అన్న నేను మెట్లెక్కి రూముల లైటేసేదాంక కిందనే ఆగుతడు. మేమే ఆగమని చెప్పుకున్నం, మా గ్రూపుల అందరికీ అది నియమం. మీకేమో కారు ఆగింది అన్నది ఒక్కటే కనిపిచ్చింది. రోజుకో కారు అన్నరట, ట్రావెల్సోళ్ళు ఆ రోజు ఏ బండి ఖాళీగుంటే అది పంపుతరు, అంతే సార్.

మన కాలనీల రాత్రి డ్యూటీ చేసి వచ్చేటోళ్ళు ఎంతమంది లేరు. హాస్పిటల్ నర్సులు ఉన్నరు, ఆర్టీసీ కండక్టరక్క ఉన్నది, నామీద తీర్మానం చేసిన మీటింగుల ఆమె కూడ ఉన్నదట. ఆమె డిపోల డ్యూటీ దిగి అర్ధరాత్రి వస్తే పాపం అలిసిపోయింది అంటరు. అనాలె, ఆమె కష్టం అసొంటిది. నా కష్టం కూడ కాళ్ళ మీదనే.

ఇంకోటి, బట్టలు. నా కాస్ట్యూములు డాబా మీద ఆరేస్తే చూసిన్రట, "గవ్వేం బట్టలు" అన్నరట. చెమటకు తడిసిన లెహంగా ఉతకకుంటే మల్లా షోకు కంపు కొడతది, ఉతికితే ఎండల ఆరెయ్యాలె. స్టేజీ మీద నడుము కనిపిస్తుంది అనుకుంటరు గదా, అది నడుము కాదు, ఒంటి రంగు నెట్ బట్ట కుట్టిచ్చుకుంటం, మెడకాన్నుంచి నడుం దాంక ఉంటది, లైట్లల్ల తెలవదు. కాళ్ళకు కూడ ఒంటి రంగువే వేస్కుంటం. మే నెల ఎండల బారాత్ల ఆ నెట్టు లోపల పొక్కులొస్తయి. ఇవన్నీ నేను మీకు చెప్పుకునే అక్కర లేదు నిజానికి, చెప్పాల్సొచ్చింది అనే నాకు బాధ. నెట్టు లేకుంటే మాత్రం, నడుము కనిపిస్తే మాత్రం, నా ఇల్లు ఖాళీ చేపిచ్చే హక్కు ఎవరికొస్తది?

నవ్వు గురించి కూడ చెప్తా, ఎందుకంటే అన్నిటికన్న ఎక్కువ పరేషాన్ దాంతోనే. స్టేజీ మీద మేము జనాన్ని చూసి నవ్వుతం. ప్రాక్టీసుల మా మాస్టర్ చెయ్యి తప్పినా ఊకుంటడు గని మొకం తప్పితే ఊకోడు, "స్మైల్ స్మైల్" అని ఒర్రుతనే ఉంటడు. కాలు బెణికినా నవ్వాలె, నెల నొప్పులున్నా నవ్వాలె, మా నానమ్మ పోయిన రోజు అడ్వాన్స్ తీస్కున్న షో ఉండె, ఆ రోజు కూడ నవ్విన. నవ్వు కూడ స్టెప్పే సార్. కాని ముందు వరుసల కూసున్న మనిషి ఆ నవ్వు తనకోసమే అనుకుంటడు. ఒకసారి ఒక పెండ్లిల పెండ్లికొడుకు దిక్కు సుట్టం స్టేజీ ఎక్కి నోట్లు ఎగజల్లి నా చెయ్యి పట్టి గుంజిండు. గుంజుకొని తెర ఎనుకకు పోయిన. కోఆర్డినేటర్‌కు చెప్తే "పెద్దోళ్ళ పెండ్లి, పేమెంట్ రానీ, గమ్మున ఉండు" అన్నడు. అక్కడున్న ఒక పెద్దావిడ "డ్యాన్సులు చేసేటప్పుడు ఇవన్నీ ఉంటయి బిడ్డా" అన్నది, ఆమె మంచిగనే అన్నది, నన్ను ఊరడిద్దామనే అన్నది, ఆ మాటనే నన్ను ఎక్కువ కోసింది. పైసలు పాటకిచ్చిన్రు, పద్దెనిమిది నిమిషాలకు ఇచ్చిన్రు, నా చెయ్యికి ఎవరూ ఇయ్యలే, నేను అమ్మలే. పని చేసే కాడ ఆడోళ్ళను సతాయిస్తే కంప్లయింట్ చెయ్యనీకి 2013ల చట్టం వచ్చింది, పదిమంది కన్న తక్కువ పని చేసే చోట్లల్ల పనిచేసేటోళ్ళ కోసం ప్రతి జిల్లాల లోకల్ కమిటీ ఉండాలె అని ఆ చట్టంలనే ఉన్నది. అప్పుడు నాకు తెలవదు. మా గ్రూపుల ఎవ్వరికీ తెలవదు. ఇప్పుడు తెలుసు, కొత్తగ వచ్చే పిల్లలకు మొదట అదే చెప్తున్న.

ఈజీ మనీ అంటరు, దాని గురించి రెండు మాటలే. ముహూర్తాలుంటే పని, లేకుంటే లేదు. ఆషాఢం ఖాళీ, పుష్యం ఖాళీ, మూఢం వస్తే వరుసగ నెలలు ఖాళీ. గప్పుడు తెలిసినోళ్ళ బట్టల షాపుల బిల్లింగ్ చేస్త. మోకాలికి బెల్టు లేకుండ మెట్లెక్కలేను, నాకు 27 ఏండ్లు.

మీటింగుల ఒకాయన నన్ను "జోగిని లెక్క" అన్నడని విన్న. ఎవరన్నరో నాకు తెలుసు, పేరు రాయను. అన్నాయనకు ఒక్కటి చెప్పాలె. మా గ్రూపుల ఒకామె మక్తల్ దిక్కుది, ఆమె అమ్మమ్మను చిన్నప్పుడే జోగినిని చేసిన్రు. దేవుని పేరు మీద కట్టిన్రు, ఊరోళ్ళు వాడుకున్నరు, జాతర్లల్ల ఆడిపిచ్చిన్రు, పీనుగు లేస్తే దాని ముందు కూడ ఆడిపిచ్చిన్రు, ముసలిదయినంక పట్టించుకున్నోడు లేడు. 1988ల చట్టమొచ్చింది, ఆడపిల్లల్ని అట్ల అప్పజెప్తే నేరం అని. నేరం ఆ చట్టంల ఎవరిది అని రాసిన్రో చూడండి సార్, కట్టినోళ్ళది, కట్టిచ్చినోళ్ళది. ఆ పిల్లది కాదు. మరి మనూర్లల్ల తిట్టు మాత్రం ఆ పిల్ల పేరు మీదనే మిగిలింది. దొరల కాలంల పెండ్లిళ్ళకు ఆడేటోళ్ళ మేళం పిలిపిచ్చుకొని చూసినోళ్ళ పేర్లు ఇంకా గౌరవంగనే చెప్పుకుంటరు, ఆడినోళ్ళ పేరు బూతైపోయింది. అందుకే నన్ను ఆ మాట అన్నరని "నేను అసొంటిదాన్ని కాదు" అని ఒట్టేసుకోను. ఆ అమ్మమ్మను కింద పెట్టి నేను పైకెక్కను.

ఇంకొందరు మంచోళ్ళు ఉన్నరు, నా తరఫున మాట్లాడిన్రట, వాళ్ళకు దండం. వాళ్ళేమన్నరంటే "ఆ పిల్ల కూచిపూడి కూడ నేర్చుకున్నది, వాళ్ళలెక్క కాదు" అని. నిజమే, మూడేండ్లు నేర్చుకున్న, ఫీజు కట్టలేక మానేసిన. కాని వాళ్ళు అంటే ఎవరు అక్కా? నాతోని కార్ల వచ్చే నలుగురే గదా. ఒకే కాలు, ఒకే తాళం. గజ్జెలు కట్టుకొని రవీంద్రభారతిల ఆడితే శాలువా, హీల్స్ వేస్కొని ఫంక్షన్ హాల్ల ఆడితే అనుమానం. మహారాష్ట్రల 2005ల బార్లల్ల డ్యాన్సు బంద్ పెట్టినప్పుడు కూడ గిట్లనే అయింది, చిన్న హోటళ్ళల్ల ఆడితే తప్పు, త్రీ స్టార్ ఆపైన హోటళ్ళల్ల ఆడితే తప్పు కాదు అని రూలు పెట్టిన్రు. హైకోర్టు ఒప్పుకోలే, 2013ల సుప్రీంకోర్టు కూడ ఒప్పుకోలే, డ్యాన్స్ చేసి బతికే హక్కు వాళ్ళకు కూడ ఉన్నది అన్నది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నేను బస్సుల ఉన్న, చౌటుప్పల్ దాటిందాక ఏడుపు ఆగలే. ఎందుకో ఇప్పటికీ సరిగ్గ చెప్పరాదు. నా పనిని ఎవరో పెద్దోళ్ళు పని అని అన్నరు, అందుకేమో.

మనూరి పక్కనే పానగల్లు ఉన్నది. సుట్టాలొస్తే మీరంత తీస్కపోతరు, ఛాయా సోమేశ్వరం గుళ్ళె నీడ చూపిస్తరు, పచ్చల సోమేశ్వరం కాడ ఫోటోలు దిగుతరు. ఆ గోడల మీద, స్తంభాల మీద నాట్యం చేస్తున్న ఆడోళ్ళ బొమ్మల ముందట నిలబడి దిగుతరు, నేనూ దిగిన. రామప్ప గుడికి 2021ల యునెస్కో గుర్తింపొచ్చినప్పుడు మన గ్రూపుల ఎన్ని మెసేజీలు, అందరికన్న ముందు పెట్టింది ప్రెసిడెంట్ సారే. ఆ గుడి శిల్పాలు చూసే గదా, కాకతీయుల కాలంల జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి అనే నాట్యం పుస్తకం ముందర పెట్టుకొనే గదా నాట్య గురువు నటరాజ రామకృష్ణ గారు పేరిణి అనే పాత ఆటను మల్లా లేపింది. అదే మనిషి దేవదాసి కుటుంబాల ముసలమ్మల కాడికి పోయి, కూసొని, వాళ్ళ కాళ్ళల్ల మిగిలిన ఆట నేర్చుకొని ఆంధ్రనాట్యం నిలబెట్టిండు. లోకం బూతు మాట అన్న ఇంట్లకు పోయి ఆయన శిష్యుని లెక్క కూసున్నడు. నాకు ఆ సంగతి చెప్పింది మా కూచిపూడి మేడం, చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది, నేను మర్చిపోలే.

మన గల్లీల తొమ్మిదో తరగతి పిల్లగాడు ఒకడు నా కాడికొచ్చి స్టెప్పులు నేర్చుకునేటోడు, మస్తు చేస్తడు, వాని కాళ్ళల్ల లయ ఉన్నది. మీటింగు తర్వాత వాళ్ళ నాయిన బంద్ పెట్టిండు. నా కాడికి వస్తుండని ఒకటి, మగపిల్లగానికి ఆటలేంది అని ఇంకొకటి. అన్నా, పేరిణి మగోళ్ళ ఆట. కూచిపూడిల ఆడ వేషాలు మగోళ్ళే కట్టేటోళ్ళు, సత్యభామ వేషం కట్టి వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పద్మశ్రీ తెచ్చుకున్నడు. 2024ల చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ ఇచ్చిన్రు, ఆయనది జనగామ దిక్కు. నా కాడికి పంపకు, సరే, వేరే ఎక్కడన్న నేర్పియ్యి, పిల్లగాన్ని ఆపకు.

ఇక పోయినేడు బతుకమ్మ సంగతి చెప్పక తప్పదు. ఇదే కమిటీ అక్కలు నా రూముకొచ్చి "కోలాటం నేర్పియ్యి, సద్దుల రోజు మన గల్లీ అందరికన్న మంచిగ ఉండాలె" అన్నరు. పదకొండు రోజులు సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాంక పార్కుల నేర్పిచ్చిన. పైసలు తీస్కోలే, ఇస్తమన్నా వద్దన్న, ఎందుకంటే నా ఆట మొదలయింది బతుకమ్మ సుట్టే. మా అమ్మ చంకల ఎత్తుకొని సుట్టు తిరిగేటప్పుడు చప్పట్ల లెక్క నా చెవుల పడ్డది, నడక రాకముందే తాళం వచ్చిందని అమ్మ అందరికీ చెప్పుకుంటది. సద్దుల రోజు మీరంత మంచిగ ఆడిన్రు. మోకాళ్ళ నొప్పి అని కూసున్న పెద్దమ్మ కూడ లేచి ఆడింది. ఆ వీడియో ఇప్పటికీ మన గ్రూపుల ఉన్నది, నేను నడుమ కోలలు పట్టుకొని లెక్క చెప్తున్న. గప్పుడు నేను "మా కాలనీ బిడ్డ". అదే గ్రూపుల ఆ వీడియోకు కొంచెం కిందికి వస్తే బుక్కు పేజీ ఫోటో ఉన్నది.

అక్కలారా, ఆ మీటింగుల మీరు పన్నెండు మంది ఉన్నరట. ఒక్కరన్న "మాకు కోలాటం నేర్పిన పిల్ల గదా" అని అన్నరా? అన్నరో లేదో నాకు తెలవదు, అడగాలంటే భయమైతుంది.

నేను కోర్టుకు పోత, పోలీస్ స్టేషన్‌కు పోత అని రాస్తలేను. అడిగేది ఇంతే. ఆ బుక్కుల ఆ లైను కొట్టేసి, పక్కన తారీఖు వేసి, ప్రెసిడెంట్ సార్ సంతకం పెట్టాలె, దాన్ని కూడ ఫోటో తీసి అదే గ్రూపుల పెట్టాలె. ఓనర్ ఆంటీకి ఎవరూ ఫోన్లు చెయ్యొద్దు, ఆమెకు బీపీ ఉన్నది. నా మీద నిజంగ ఏదన్న కంప్లయింట్ ఉంటే, సప్పుడు అయిందో, గేటు తీసిపెట్టిన్నో, నీళ్ళు వృథా చేసిన్నో, తారీఖు పెట్టి రాయండి, నేనే వచ్చి మీటింగుల నిలబడి జవాబు చెప్త. రాకపోకలు అని మాత్రం రాయొద్దు. పనికి పోయిన, పని నుంచి వచ్చిన, గంతే.

వచ్చే మూడు శనివారాలు షోలు ఉన్నయి, రెండు హైదరాబాద్‌ల, ఒకటి మహబూబ్‌నగర్‌ల, ఆ రోజుల్ల రాత్రి రెండింటికి, మహబూబ్‌నగర్ నుంచయితే ఇంకో గంట ఆలస్యంగ గేటు కాడ కారు ఆగుతది. లైటేసేదాంక ఆగుతది. మంగళవారం పొద్దంత ఇంటికాడనే ఉంట, ఎవరన్న రావాలనుకుంటే మెట్లు ఎడమ దిక్కున్నయి, రెండో మెట్టు పగిలి ఉన్నది, పెద్దోళ్ళు చూస్కొని ఎక్కండి.